పానకాలు గారి మూగబొమ్మలు

మా అపార్టుమెంటులో ఎదురింటివాళ్ళు రోజూ పొద్దున్నే హారతి ఇస్తారు. బెంజ్ సర్కిల్ రొద ఇంకా పూర్తిగా అందుకోని వేళ, వాళ్ళ తలుపు సందులోంచి కర్పూరం వాసన మా వరండాలోకి వస్తుంది. చర్చి ఉపదేశి కూతుర్ని, ఎనభై దాటినదాన్ని, కుర్చీ కాస్త అటువైపు జరుపుకుని మరీ కూర్చుంటాను. మొన్న ఎదురింటి కోడలు చూడనే చూసింది. "ఏంటి మామ్మగారూ, మా దేవుడు మీకు నచ్చినట్టున్నాడే?" అంది. "దేవుడి సంగతి తర్వాత చూద్దాంలే, ముందు మీ కర్పూరం నచ్చింది" అన్నాను. ఆ అమ్మాయికి చెప్పలేదు గాని, ఆ వాసన నన్ను ఏ గుడికీ తీసుకెళ్ళదు. కంకిపాడు దాటాక కాలువ పక్కన ఉన్న ఒక నేతవీధికి, అక్కడ పట్టపగలే తలుపులన్నీ మూసేసిన ఒక చీకటి గదిలోకి తీసుకెళుతుంది. ఆ కాలపు సినిమా ఫిల్ము తయారీలో కర్పూరం కలిపేవారట. రేకు డబ్బా మూత తీయగానే గదంతా ఆ వాసన కమ్ముకునేది.

ఆ డబ్బాలు పానకాలు గారివి. యుద్ధం ఇంకా సాగుతున్న రోజుల్లో నేను మిషన్ బడిలో టీచరుగా ఆ ఊరు వెళ్ళి, ఆయన ఇంట్లో వీధివైపు గది అద్దెకు తీసుకున్నాను. పానకాలు గారిది నేతవాళ్ళ కుటుంబమే అయినా, ఆయన తన తండ్రి కాలం నుంచీ బట్టల వ్యాపారంలో ఉన్నారు. వీధిలోవాళ్ళు నేసిన చీరలు బెజవాడ తీసుకెళ్ళి అమ్మేవారు. బక్కపలచని మనిషి, మాట మెత్తన. ఆయన భార్య నాంచారమ్మ గారికి ఆ మెత్తదనం ఏ కోశానా లేదు. నేను ట్రంకుపెట్టె దింపుకుంటూ ఉండగానే గుమ్మంలో నిలబడి షరతులు చెప్పింది.

"టీచరమ్మగారూ, వంట పెరట్లో చేసుకోవాలి. లోపల పొయ్యి వద్దు, లాంతరు వద్దు, అగ్గిపుల్ల కూడా గియ్యొద్దు. మా ఆయన పెట్టెల్నిండా సినిమా రీళ్ళు పెట్టాడు. నిప్పురవ్వ పడితే చాలు, మనం గుమ్మం దాటేలోగా కొంపంతా బుగ్గయిపోద్దంట. నా కాపురమంతా దేవుడి దగ్గర దీపం కూడా పెరట్లోనే పెట్టుకుంటన్నాను."

"మరి వాటిని అమ్మెయ్యకూడదాండీ?" అన్నాను.

"ఆ మాటే అంటే అన్నం మానేస్తాడు. పిచ్చి కుదిరింది, రోకలి తలకి చుట్టమన్నాడంట వెనకటికొకడు. అట్టా ఉంటది ఈయన వరస" అంది ఆవిడ. పానకాలు గారు వెనకాలే నిలబడి వింటూ, తనని కాదన్నట్టు నవ్వుతున్నారు.

నేను అప్పటిదాకా సినిమా అన్నది చూసి ఎరగను. మా నాన్న దృష్టిలో అది సాతాను తెరచిన కిటికీ. అందుకని ఆ డబ్బాలు మా గోడకి అవతలే ఉన్నాయని తెలిసి, కొన్నాళ్ళపాటు పడుకునే ముందు ప్రార్థన రెండింతలు చేసుకున్నాను. అయితే దడ ఎంత ఉన్నా, కుతూహలం దానికంటే ఒక మెట్టు పైనే ఉంటుంది. ఒక శనివారం మధ్యాహ్నం ఆయన వచ్చి, "సువార్తమ్మా, ఎండ బాగా కాస్తంది. బొమ్మ వేస్తన్నాను, చూస్తావా?" అని అడిగితే, నా కాళ్ళు నన్ను అడక్కుండానే లేచాయి.

సినిమాకి రాత్రి కావాలని విన్నాను గాని ఎండ కావాలని ఎక్కడా వినలేదు. ఆయన పద్ధతే వేరు. చీరల మూటలు పెట్టుకునే గది తలుపులు మూసి, సందుల్లో గుడ్డలు కుక్కారు. కిటికీ చెక్కకి ఒక గుండ్రటి కన్నం. ఆ కన్నానికి ఎదురుగా, మూతబడిపోయిన ఏదో డేరా సినిమావాళ్ళ దగ్గర కొన్న చేతితిప్పుడు మిషను. దీపంతో బొమ్మ వేస్తే ఏనాటికైనా నిప్పు తప్పదని ఆయన భయం. అందుకని దీపం బదులు సూర్యుణ్ణే వాడుకునేవారు. బయట పెరట్లో నాంచారమ్మ గారు తలమీద తడిగుడ్డ కప్పుకుని, ఒళ్ళో పెద్ద నిలువుటద్దం పట్టుకుని కూర్చునేది. అద్దంలో పడ్డ ఎండని కన్నంలోకి పంపడం, సూర్యుడు జరిగినకొద్దీ అద్దం జరపడం ఆవిడ పని. లోపల్నుంచి ఆయన "కొంచెం ఎడమకి!" అనేవారు. బయటినుంచి ఆవిడ "ఎడమకే ఉంది, మీరే కుడికి ఉన్నారు!" అని కసిరేది.

మిషను పిడి తిరిగింది. ఎదురుగా కట్టిన తెల్లపంచె మీద ఒక నది పుట్టింది. నేను నిజంగానే వెనక్కి జరిగాను. నీళ్ళు కదులుతున్నాయి, ఆకులు కదులుతున్నాయి, ఒడ్డున ఒక మనిషి గొడుగు విప్పుతున్నాడు, ఇదంతా చప్పుడన్నది లేకుండా. మిషను గరగర తప్ప ఆ గదిలో మరో శబ్దం లేదు. ఆ వెలుగు కాలువ గట్టు మీద కాసే ఎండే. అదే ఎండ ఎన్నేళ్ళ కిందటో ఇంకెక్కడో ఆ నది మీద పడిందనీ, ఇవాళ నాంచారమ్మ గారి అద్దంలోంచి మళ్ళీ దాని మీద పడుతోందనీ తట్టేసరికి నా ఒళ్ళు జలదరించింది. సృష్టి గురించి మా నాన్న చెప్పిన ప్రసంగాలన్నిట్లోనూ నాకు అంత భయభక్తి కలగలేదు. ఈ మాట ఆయన బతికుండగా అనలేకపోయాను, ఇప్పుడు అంటున్నాను.

టాకీలు వచ్చాక ఈ మూకీ సినిమాలని అడిగినవాడు లేడు. మాటలు నేర్చిన బొమ్మలుండగా మూగవాటిని ఎవరు చూస్తారు? ఫిల్ములో వెండి ఉంటుందని కొందరు కరిగించుకున్నారు. పైనున్న బొమ్మ గీకేసి, మిగిలిన రేకుతో గాజులు చేసుకున్నవాళ్ళు మరికొందరు. పానకాలు గారు బట్టలు అమ్మడానికి వెళ్ళిన ప్రతి ఊళ్ళోనూ ఈ తుక్కు కోసం ఆరా తీసేవారు. చిత్రమేమిటంటే, పేరున్న సినిమా దొరికితే ఆయనకి పెద్దగా ఉత్సాహం ఉండేది కాదు. పేరు తెలియనిది, మొదలూ చివరా ఊడిపోయినది, అందులో ఉన్నదెవరో ఏ ఒక్కరూ చెప్పలేనిది దొరికితే మాత్రం మనిషి ఆ పూట నేలమీద నిలిచేవారు కాదు.

"అదేంటండీ, కథ తెలియని సినిమా ఏం చేసుకుంటారు?" అని అడిగాను ఒకసారి.

"పేరున్నవాటికి పదిమంది ఉంటారమ్మా. ఎక్కడో ఒకచోట, ఎవరో ఒకరు దాస్తారు. దీన్ని నేను కూడా వదిలేస్తే ఈ మడుసులు ఇక లేనట్టే కదా" అన్నారు.

కథ తెలియని సినిమాని ఆయన బట్టలని బట్టి చదివేవారు. అంచు చూసి ఏ వైపు నేతో చెప్పేవారు, కట్టు చూసి ఆ మనిషి ఏ వైపుదో చెప్పేవారు. ఆయనకి అన్నిటికంటే ప్రాణమైన రీలు ఒకటుండేది. ఒక రేవు, వెళ్ళిపోతున్న పడవ, ఒడ్డున గళ్ళచీర కట్టుకున్న యువతి. ఆమె పడవ వెంట నాలుగడుగులు పరిగెత్తి ఆగిపోతుంది. తర్వాత మెల్లగా మనవైపు తిరుగుతుంది. ఏదో చెప్పడానికి నోరు తెరుస్తుంది. అంతే, రీలు అయిపోతుంది. పంచె మీద ఉత్త ఎండ మిగిలేది.

"చీర మనవైపుదే గాని కట్టుకోవడం ఆ పిల్లకి రాదు. చూడు, కుచ్చిళ్ళు జారిపోతాయేమోనని ఒక చెయ్యి అక్కడే ఉంచింది. ఏ దొరలమ్మాయో, ఎక్కణ్ణించి తెచ్చారో. పరిగెత్తేటప్పుడు కూడా ఆ భయం పోలేదు. టాకీలు వచ్చాక ఈ పిల్ల ఏమైపోయిందో, మన భాషలు రావు గదా" అన్నారు పానకాలు గారు. నేను ఆ రీలు మళ్ళీ మళ్ళీ చూసినా ఆ చెయ్యి గమనించనేలేదు. ఆయన చెప్పాక ఇంకేమీ కనిపించలేదు నాకు. ఆమె ఏం చెప్పబోయిందో తెలియాలంటే దాని తరువాయి రీలు దొరకాలి. దాని కోసం ఆయన ఎన్నేళ్ళుగానో వెతుకుతున్నారు. నాంచారమ్మ గారు ఆ యువతిని "నా సవతి" అనేది. "ఇవాళ నా సవతి కబురేమన్నా తెలిసిందా?" అని ఆయన ఊరినుంచి రాగానే అడిగి, కాళ్ళకి నీళ్ళిచ్చేది. ఇంత వేళాకోళం చేసినావిడ ఆ సవతి మొహం మాత్రం ఎన్నడూ చూడలేదు. బొమ్మ ఆడినంతసేపూ ఆవిడ బయట అద్దం దగ్గరే ఉండాలి కదా.

ఒక ముసురు రోజున హనుమాన్ జంక్షన్ వైపునుంచి కబురొచ్చింది. అక్కడ గాజులు చేసే ఒకతని దగ్గరికి పాత రీళ్ళ బస్తా వచ్చిందనీ, ఒకదాంట్లో పడవా, రేవూ ఉన్నాయనీ. పానకాలు గారు చెయ్యి కూడా సరిగా కడుక్కోకుండా బొగ్గు బస్సెక్కారు. పెట్రోలు కరువుకి ఆ రోజుల్లో బస్సులు బొగ్గు మంటతో నడిచేవి. సాయంత్రానికి తిరిగొచ్చినప్పుడు ఆయన ఒళ్ళంతా మసి, చేతుల్లో నీళ్ళతో నిండిన కిరసనాయిలు డబ్బా. అందులో ఫిల్ము చుట్ట మునిగి ఉంది. గాజులతను మిగతావన్నీ అప్పటికే గీకేశాడట, ఇదొక్కటి తొట్టిలో నానుతుండగా ఈయన వెళ్ళి పడ్డారు.

"కోటి విద్యలూ కూటికోసమేగా బాబూ, నాకేం తెలుసు ఇది కావాల్సినోళ్ళు ఉంటారనీ, అన్నాడు పాపం. నీళ్ళలోంచి తీస్తే అంటుకుపోద్ది, తియ్యకపోతే కరిగిపోద్ది. ఈ పొడుగు ఎట్టా ఆరెయ్యాలే నాంచారీ?" అన్నారు. ఆయన గొంతు వణకడం నేను వినడం అదే మొదలు.

నాంచారమ్మ గారు డబ్బాలోకి తొంగిచూసింది. "ఎట్టా ఏంటి? తడిసిన పొడుగుని మనం ఎట్టా ఆరేస్తాం? పడుగు వెయ్యండి" అంది.

నేతవీధి చూడనివారికి ఈ మాట చెప్పాలి. మగ్గానికి ఎక్కించే నిలువు పోగుల్ని పడుగు అంటారు. తెల్లవారుతూనే దాన్ని వీధి పొడుగునా కర్రల మీద సాగదీసి, గంజి పట్టించి, ఎండ ముదరకముందే ఆరబెడతారు. ఆ రోజుల్లో నూలుకి కంట్రోలు ఉండేది. దొరికిన నూలు మగ్గమెక్కితేనే ఇంట్లో గింజలు. పైగా ముసుర్లో తెరిపి పొద్దు దొరకడమే గగనం. ఆ మర్నాడు పొద్దున వాన లేదు. వీధిలోవాళ్ళు పడుగులు వేసుకోవడానికి కర్రలు పాతుకుంటున్నారు. నాంచారమ్మ గారు వీధి మధ్యన నిలబడి, "ఇవాళ్టికి కర్రలు మా ఆయనకి ఇవ్వండయ్యా. ఆయన ప్రాణం డబ్బాలో నానుతంది" అంది. ముందుగా ఒక ముసలాయన తన నూలు చుట్ట ఎత్తి అరుగు మీద పెట్టాడు. ఆ వెనక అందరూ పెట్టారు. ఇప్పటికీ ఆ చుట్టలు అరుగుల మీద వరసగా కనిపిస్తాయి నాకు.

దుమ్ము లేవకుండా ఆడవాళ్ళు వీధంతా నీళ్ళు చల్లారు. కర్రల కింద తెల్లపంచెలు పరిచారు. పోగు తెగకుండా తడినూలుని సాగదీసే చేతులవి. ఆ చేతులే ఫిల్ముని అంచులు మాత్రమే పట్టుకుని, బొమ్మ అంటుకుని ఉన్న మసకవైపు పైకి ఉంచి, ఈ చివరినుంచి ఆ చివరికీ, మళ్ళీ వెనక్కీ నడిపించాయి. చూస్తుండగానే వీధికి వీధే ఒక సినిమా అయిపోయింది. కింది తెల్లబట్ట మీద ఒక్కో బొమ్మా స్పష్టంగా కనబడుతోంది. మేం దాని పక్కన నడిచాం. మొదట రేవూ, పడవా వచ్చాయి. తర్వాత ఒక ఇంటి గుమ్మం వచ్చింది. గుమ్మంలో మొహంనిండా మశూచి మచ్చలున్న పెద్దావిడ చేటతో బియ్యం చెరుగుతోంది. ఒక అడుగు వేస్తే బియ్యం గాల్లోకి లేచాయి. ఇంకో అడుగు వేస్తే మళ్ళీ చేటలో పడ్డాయి. ఆగితే గాల్లోనే ఆగిపోతాయి, వెనక్కి నడిస్తే వెనక్కి వెళ్తాయి. కాలం ఆ పూట మా కాళ్ళ కిందికి వచ్చింది. ముసలివాళ్ళు కూడా చేతులు కట్టుకుని, గుళ్ళో ప్రదక్షిణ చేసినట్టు మౌనంగా నడుస్తున్నారు.

నాంచారమ్మ గారు నా వెనకాలే వస్తూ, "ఏదీ నా సవతి? చూపించండి మరి!" అని కేకేసింది.

పానకాలు గారు అప్పటికే ఆ చివరిదాకా వెళ్ళి వస్తున్నారు. నా దగ్గర ఆగి, నాకు మాత్రమే వినబడేలా అన్నారు. "ఇది అది కాదమ్మా. రేవు వేరు, పడవ వేరు. ఆ పిల్ల ఇందులో ఎక్కడా లేదు."

అన్నేళ్ళ వెతుకులాట. వీధి మొత్తం ఒక రోజు కూడు మానుకుని ఇచ్చిన కర్రలు. నాకు ఏడుపొచ్చింది. ఆగ్నేయంనుంచి అప్పుడే నల్లటి మబ్బు ఎక్కివస్తోంది. "అయితే తీసేద్దామాండీ? వాళ్ళ పడుగులన్నా వేసుకుంటారు" అన్నాను.

ఆయన నావైపు, నేనేదో తెలియని భాషలో మాట్లాడినట్టు చూశారు. "తియ్యడమేంటమ్మా? ఆ పిల్లకి నేనన్నా ఉన్నాను. ఈవిడకి ఎవరున్నారు?" అని, ఫిల్ము మెలిపడ్డ చోటికి గబగబా వెళ్ళి, అంతకుముందు ఎంత జాగ్రత్తగా సర్దారో అంత జాగ్రత్తగానే సర్దడం మొదలుపెట్టారు. నిన్న సాయంత్రం వణికిన గొంతు ఇప్పుడు నిబ్బరంగా ఉంది. మనిషి కోరుకున్నది దొరకనప్పుడు ఎలా ఉంటాడో చూస్తే అతనెవరో తెలుస్తుందంటారు. నాకు ఆ క్షణంలో తెలిసింది.

మొదటి చినుకు నా ముంజేతి మీద పడింది. నాంచారమ్మ గారు ఇంట్లోకి పరిగెత్తింది. బయటికి వచ్చేసరికి ఆవిడ చేతుల్లో బెజవాడ పంపడానికి మడతలు పెట్టిన కొత్త చీరల మూట ఉంది. ముడి విప్పి చీరలు నలుగురి మీదికీ విసిరింది. "పట్టండి! ఆ కొస మీరు పట్టండి, ఈ కొస టీచరమ్మగారు పడతారు. చుక్క పడకూడదు దాని మీద!" అంది. కంట్రోలు రోజుల్లో కొత్త చీరలవి. వీధి పొడుగునా జనం రెండు వరసలుగా నిలబడి, చీరలు చాపి తలలకంటే ఎత్తులో పట్టుకున్నారు. కుంకుమ రంగు, పసుపు, చిలకాకుపచ్చ, వాటి మీద వాన. కింద ఆ పెద్దావిడ పొడిగా బియ్యం చెరుగుతూనే ఉంది. చీరల రంగులు కారి మా చేతుల మీదుగా దిగాయి. ఎవరూ చెయ్యి దించలేదు. "అమ్మీ, ఇంతకీ ఈవిడ నీ సవతేనా?" అని ఎవరో అడిగితే, "కాదంట. ఎవరైతేనేం, ఎవరో తల్లి కన్న బిడ్డేగా" అంది నాంచారమ్మ గారు. అంటే ఆయన నాతో అన్నమాట ఆవిడ చెవినా పడిందన్నమాట. పడ్డాకే ఆవిడ చీరల మూట విప్పింది.

మళ్ళీ ఎండ రావడానికి చాలా రోజులు పట్టింది. వచ్చిన రోజున నేను అద్దం దగ్గరికి వెళ్ళి, "ఇవాళ నేను పట్టుకుంటాను, మీరు లోపలికి వెళ్ళండి పిన్నిగారూ" అన్నాను. "నాకెందుకమ్మా ఆ గోల" అంటూనే పమిట సర్దుకుని వెళ్ళింది. ఎండ నెత్తిమీద మాడుతుంటే, ఆ పని ఎంత కష్టమో నాకు అప్పుడే తెలిసొచ్చింది. లోపల మిషను గరగర మొదలైంది. చాలాసేపు ఇంకేం వినబడలేదు. తర్వాత నాంచారమ్మ గారు పెద్దగా నవ్వింది. ఆ వెంటనే వెక్కిళ్ళు వినబడ్డాయి. బయటికొచ్చాక ఆవిడ నా పక్కన కూలబడి, కళ్ళు తుడుచుకుంటూ చెప్పింది. "చెరిగి చెరిగి, తలెత్తి చూస్తదమ్మా ఆవిడ. ఎవర్నో గాని, ఆ వచ్చేవాణ్ణి చూసి చేట పక్కన పెట్టేస్తది. అంతే." ఆ తర్వాత ఆ రీలు ఆడినప్పుడల్లా అద్దం నేనే పట్టేదాన్ని, అందుకని ఆ పెద్దావిడ కదలగా నేను ఎన్నడూ చూడలేదు. ఆ తర్వాతి ఎండాకాలంలోనే ఫిల్ము చుట్టలు ఒకటొకటిగా జిగురెక్కడం మొదలుపెట్టాయి. ముందు ఆ తడిసినదే పోయింది.

ఆ రకం ఫిల్ము గుణమే అంత, ఎంత దాచినా తనంతట తనే పాడవుతుంది. పాడైన రీలుని పానకాలు గారు చివరిసారి ఆసాంతం చూసి, కాలువ గట్టున గొయ్యి తీసి పూడ్చి, పైన ఒక గుప్పెడు మట్టి వేసేవారు. ఆయన పోయేనాటికి ఒక్క డబ్బా కూడా మిగల్లేదు. గళ్ళచీర యువతి తరువాయి రీలు దొరకనే లేదు.

నేను ముప్పై ఏళ్ళకి పైగా పిల్లలకి పాఠాలు చెప్పాను. ప్రతి ఏడూ ఏదో ఒక పిల్ల తలుపు వెనక నక్కి కూర్చునేది, ఏం అడిగినా నోరు తెరిచేది కాదు. నేను ఎదురుచూసిన తెలివైన పిల్ల అది కాదు. అయినా దాని పక్కనే ముందు కూర్చునేదాన్ని. అంత మాత్రం నేర్పారు ఆయన నాకు.

నా దగ్గర ఫిల్ము ముక్క ఒక్కటి కూడా లేదు. ఆ బొమ్మల్లోని ఇద్దరాడవాళ్ళనీ చూసినవాళ్ళంతా ఒక్కొక్కరే వెళ్ళిపోయారు. నాకు తెలిసినంతలో వాళ్ళిద్దరూ ఇప్పుడు నాలోనే ఉన్నారు. వాళ్ళ పేర్లు నాకు తెలియవు. ఒకామె తనది కాని చీర జారిపోకుండా పట్టుకుని మనవైపు తిరుగుతుంది. ఇంకొకామె ఎవరినో చూసి చేట పక్కన పెడుతుంది. వాళ్ళిద్దరికీ ఏమీ కాని మీకు ఈ మాట ఎందుకు చెబుతున్నానంటే, నా తర్వాత వాళ్ళకి ఎవరున్నారు?